ఐదు నెలలు పెట్టెలో ఉన్న ఫలం

2021 ఏప్రిల్ 8. పల్నాటి పల్లెల్లో ఎండ అప్పటికే ముదిరింది. మండల, జిల్లా పరిషత్తులకు పోలింగు. జనం బడి వరండాలో వరసగా నిలబడ్డారు. వేలికి సిరా పూయించుకున్నారు, బ్యాలెట్ కాగితం మీద స్వస్తిక్ ముద్ర గుద్దారు, మడిచి పెట్టెలో వేసి ఇంటికి పోయారు. సాయంత్రానికి పెట్టెలకు సీళ్లు పడ్డాయి. మామూలుగా అయితే రెండు మూడు రోజుల్లో గెలిచినవాళ్ల ఊరేగింపులు, ఓడినవాళ్ల మూసిన తలుపులు కనిపించాలి. ఈసారి సెప్టెంబరు 19 దాకా ఎవరు గెలిచారో ఎవరికీ తెలియలేదు.

కారణం కోర్టు. పోలింగుకు నాలుగు వారాల ముందే ఎన్నికల నియమావళి అమలులోకి రావాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. ఇక్కడ ఏప్రిల్ 1న ప్రకటన వచ్చింది, 8న పోలింగు పెట్టారు. హైకోర్టు ఒక ధర్మాసనం ఆపమంది. మరో ధర్మాసనం ఓట్లు వేయించండి, లెక్క మాత్రం పెట్టకండి అంది. మే 21న సింగిల్ జడ్జి మొత్తం ఎన్నికనే కొట్టేశారు. సెప్టెంబరు 16న డివిజన్ బెంచి ఆ తీర్పును కొట్టేసి లెక్కించమంది. ఈ మధ్యలోనే కరోనా రెండో దెబ్బ ఊళ్ల మీద పడింది. ఏప్రిల్‌లో ఓటేసి సెప్టెంబరుకు లేకుండా పోయినవాళ్లు ఎందరో.

మరి ఆ ఐదు నెలల్లో గెలిచినవాడంటూ ఒకడు ఉన్నాడా?

రచ్చబండ మీద అడిగితే ఉన్నాడనే అంటారు. ఓట్లు పడిపోయాయి, లెక్క తేలిపోయింది, తెలియాల్సింది మనకే. వకీలును అడిగితే లేడంటాడు. రిటర్నింగ్ అధికారి ప్రకటించేదాకా ఎవడూ సభ్యుడు కాడు. మే 21 తర్వాత అసలు ఎన్నికే లేదు, సెప్టెంబరు 16 తర్వాత మళ్లీ ఉంది. ఉన్నది పోయి, పోయింది తిరిగొచ్చింది. కాగితాల మీద గుర్తులు మాత్రం ఈ గొడవేదీ ఎరగకుండా పెట్టెలో పడి ఉన్నాయి.

చేసిన పనికీ దాని ఫలానికీ మధ్య ఉండే ఈ ఖాళీయే మన శాస్త్రకారులను వేల ఏళ్లుగా వేధించింది. యజ్ఞం ఇవాళ ముగుస్తుంది, స్వర్గం ఎప్పటికో దక్కుతుందంటారు. అప్పటికి యజ్ఞమూ లేదు, అందులో పోసిన నెయ్యీ లేదు. లేనిది ఫలాన్ని ఎలా ఇస్తుంది? జైమిని వెంట నడిచిన మీమాంసకులు ఇందుకు ‘అపూర్వం’ అనే మాట పెట్టారు. చేసిన కర్మ కంటికి కనబడని ఒక శక్తిగా నిలిచి ఉంటుందని, కాలం వచ్చినప్పుడు ఫలంగా బయటపడుతుందని వారి వాదం. సీలు వేసిన బ్యాలెట్ పెట్టెను చూసి ఉంటే వాళ్లకు ఉదాహరణ కోసం అంత దూరం పోవాల్సిన పని ఉండేది కాదు.

బౌద్ధుల ఉపమానం పల్నాటి వాళ్లకు ఇంకా దగ్గరగా ఉంటుంది. వారిలో సమ్మితీయులు దీన్నే ‘అవిప్రణాశం’ అన్నారు, అంటే నశించిపోనిది. వారి పోలిక అప్పు పత్రం. డబ్బు ఖర్చయిపోతుంది, చేబదులు తీసుకున్న పూట గడిచిపోతుంది, పత్రం మాత్రం పెట్టెలో ఉంటుంది. ఉన్నంతకాలం బాకీ ఉన్నట్టే. మిర్చి పెట్టుబడికి ప్రోనోటు రాసిచ్చిన రైతుకు ఈ సిద్ధాంతాన్ని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. ఈ వాదాన్ని మూలమధ్యమక కారికల పదిహేడో అధ్యాయంలో ఎత్తి చూపి, చివరికి కాదని తోసిపుచ్చినవాడు నాగార్జునుడు. ఆయన పేరే మాచర్లకు దగ్గరలో ఉన్న నాగార్జునకొండకు ఉంది. కర్త, కర్మ, ఫలం మూడూ స్వతంత్రంగా నిలబడేవి కావని, మాయగాడు సృష్టించిన బొమ్మ మరో బొమ్మను సృష్టించినట్టని ఆయన అన్నాడు. మే నుంచి సెప్టెంబరు దాకా నడిచిన తీర్పులను వరసగా చదివితే, ఆ మాట అంత వింతగా ఏమీ అనిపించదు.

అయితే పత్రానికి చెద పట్టే సంగతి ఏ వాదమూ తలచలేదు. సెప్టెంబరులో పెట్టెలు తెరిస్తే గుంటూరు జిల్లాతో సహా కొన్నిచోట్ల లోపలికి నీళ్లు దిగి, చెదలు తిని బ్యాలెట్లు పాడై ఉన్నాయి. ఓటు వేసిన మనిషి ఉన్నాడు, అతని ఓటు చెదపురుగు కడుపులో ఉంది. శాస్త్రాల్లో దీనికి పేరుంది, ‘కృతనాశం’. చేసింది చేసినట్టే ఫలం లేకుండా పోవడం. దీనికి జంట దోషం ‘అకృతాభ్యాగమం’, చేయనిదానికి ఫలం వచ్చి పడటం. ఏ దర్శనమైనా ఎదుటి పక్షాన్ని ఓడించాలంటే మొదట విసిరే రాళ్లు ఈ రెండే. ఆత్మ లేదంటావా, అయితే కృతనాశం. లోకానికి నియమం లేదంటావా, అయితే అకృతాభ్యాగమం. ఈ రెండింటిలో ఒకటి తగిలినా నీ సిద్ధాంతం నిలవదు పో అనేవారు.

మొదటి దోషం చెదల రూపంలో వచ్చింది. రెండోది అంతకు ముందే మాచర్లలో, పిడుగురాళ్లలో కనిపించింది. 2021 మార్చిలో జరగాల్సిన మునిసిపల్ ఎన్నికల్లో మాచర్ల 31 వార్డులూ, పిడుగురాళ్ల 33 వార్డులూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏకగ్రీవమయ్యాయి. రెండు పట్టణాల్లోనూ ఒక్క ఓటరూ కౌన్సిలరు కోసం క్యూలో నిలబడలేదు. అయినా 64 మంది కౌన్సిలర్లు వచ్చారు. రాష్ట్రవ్యాప్తంగా పరిషత్తులదీ ఇదే వరస. 660 జడ్పీటీసీల్లో 126, 10,047 ఎంపీటీసీల్లో 2,371 పోలింగు లేకుండానే తేలాయి. మా పథకాలు చూసి ఎదుటివాళ్లు వెనక్కి తగ్గారని పాలకపక్షం అంది. నామినేషన్ వేయనివ్వలేదని విపక్షం అంది. 2020 మార్చిలో నామినేషన్ల వేళ మాచర్లలో విపక్ష నాయకుల కారు మీద పట్టపగలు దుంగతో దాడి జరిగింది. ఆ దృశ్యం రాష్ట్రమంతా టీవీల్లో చూసింది.

‘ఏకగ్రీవం’ మాటను విడదీస్తే ఒకే మెడ అని అర్థం. అందరిదీ ఒకే గొంతు కావడం నిజానికి మంచి ఆదర్శమే. ఊళ్లో కక్షలు రేపే ఎన్నిక కంటే నలుగురూ కూర్చుని ఒక మనిషిని ఒప్పుకోవడం మేలని సర్వోదయ నాయకులు చాలాకాలం చెప్పారు. ప్రభుత్వం దానికి ధర కూడా కట్టింది. 2021 పంచాయతీ ఎన్నికల ముందు, రెండు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీ ఏకగ్రీవమైతే 5 లక్షల రూపాయలు, పది వేలు దాటితే 20 లక్షలు అని ప్రకటించింది. కక్షలకు పేరుపడ్డ ఊరు ఏకగ్రీవమైతే మెచ్చుకోవాలా, ఆ మెడ మీద చెయ్యి ఎవరిదని అడగాలా? బయటనుంచి చూసేవాళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి. నామినేషన్ పత్రం పట్టుకుని కార్యాలయం గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగిన మనిషికి మాత్రం ఏది ఏదో తెలుసు.

ఇంగ్లండులోనూ స్థానిక కౌన్సిళ్లలో పోటీ లేకుండా నిండే సీట్లు ఉన్నాయి. అక్కడ మరో తమాషా కూడా ఉంది. 2017 మేలో నార్తంబర్లండ్ కౌంటీ కౌన్సిల్ సౌత్ బ్లైత్ వార్డులో ఇద్దరికి సమానంగా ఓట్లొచ్చాయి. పుల్లలు తీయించారు. లిబరల్ డెమోక్రాట్ అభ్యర్థికి గెలుపు పుల్ల దక్కింది. కన్సర్వేటివ్‌లు 67లో 33 దగ్గర ఆగిపోయారు. ఆ ఒక్క పుల్లతో మెజారిటీ చేజారింది. మన చట్టంలోనూ సమానమైతే చీటీయే. గీత పద్దెనిమిదో అధ్యాయం పనికి ఐదు కారణాలు చెప్పి, ఐదోదాన్ని దైవం అంటుంది. చేతనైన నాలుగూ అయ్యాకే ఐదోది వస్తుందన్నది గమనించాలి. సౌత్ బ్లైత్‌లో వేలు పెట్టిన దైవం ముందు ఓట్లన్నీ లెక్కపెట్టనిచ్చింది.

ఇక ఫలం ఎవరిస్తారన్న తగాదా. జైమిని కర్మే ఇస్తుందన్నాడు. బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో బాదరాయణుడు ఆ పేరెత్తి మరీ కాదని, ఫలదాత ఈశ్వరుడన్నాడు. జడమైన కర్మకు ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియదు కదా అన్నది ఆ పక్షం. సెప్టెంబరు 16 నాటి పల్నాడు ఓటరు, తెలిసో తెలియకో, బాదరాయణుడి పక్షమే. ఓటు తనది, ఇచ్చేది మాత్రం అమరావతిలో కూర్చున్న ధర్మాసనం. పిడుగురాళ్ల ఓటరు అక్కడా ఆగలేడు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరిలో ఆ పట్టణ వైస్ చైర్మన్ పదవి తెలుగుదేశం పక్షానికి పోయింది. 33 మందిలో ఒక్కరూ ఆ పార్టీ గుర్తుతో వచ్చినవారు కారు. ఎవరూ ఓటేయకుండా ఒక పక్షానికి దక్కిన ఫలం, మళ్లీ ఎవరూ ఓటేయకుండానే రెండో పక్షానికి చేరింది. ఈ లెక్కకు ఏ దర్శనంలోనూ గడి లేదు.

ఈ నేల మీద ఇది కొత్త కథ కాదు. పల్నాటి వీరగాథలో కోడిపందెమూ ఒక ఎన్నికలాంటిదే. ఓడిన పక్షం ఏడేళ్లు దేశం విడవాలి. మాచర్ల వైపు బ్రహ్మనాయుడి పక్షం ఓడింది. గురజాల వైపు నాగమ్మ మోసం చేసిందని కథ అంటుంది, అయినా వాళ్లు షరతుకు తలొంచి మాచర్ల విడిచిపోయారు. ఏడేళ్లు నిండాయి. మాట ప్రకారం రాజ్యభాగం ఇవ్వమని వాళ్ల తరఫున అలరాజు గురజాలకు రాయబారం వెళ్లాడు. భాగం రాలేదు, అతనికి విషం దక్కింది. దేశం విడిచి గడిపిన ఏడేళ్లూ కృతనాశం. ఆ తర్వాతే కారంపూడి యుద్ధం. ఓడినందుకు కాదు, ఓటమి షరతు పూర్తిచేశాక రావాల్సింది రానందుకు కత్తులు లేచాయి. ఓడినవాడు ఫలాన్ని ఒప్పుకున్నాడు, గెలిచినవాడే ఒప్పుకోలేదు.

కారంపూడిలో నాగులేరు ఒడ్డున వీరుల గుడి దగ్గర ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఇదంతా మళ్లీ జరుగుతుంది. రోజుకొక పేరు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. బ్రహ్మనాయుడి చాపకూడు పేరిట అన్ని కులాలవాళ్లూ ఒక పంక్తిన కూర్చుని తింటారు. నాలుగో రోజు కోళ్లను దింపుతారు. ఏ కోడి గెలవాలో ఎనిమిది వందల ఏళ్లుగా అందరికీ తెలుసు. అయినా జనం ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగిచూస్తూనే ఉంటారు.