ప్రహ్లాదుడు "తర్వాత చూద్దాం" అనలేదు

 

ఈ వారం వీడియోలో ప్రహ్లాద చరిత్ర చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక వదిలేసిన ఒక మాట ఇక్కడ రాస్తున్నాను.

2021 అక్టోబర్ 29, శుక్రవారం. బెంగళూరులో నా రూమ్‌లో లాగిన్ అయి కూర్చున్నాను. టీమ్ గ్రూపులో వరసగా మెసేజ్‌లు: పునీత్ రాజ్‌కుమార్ ఇక లేరు. గుండెపోటు. వయసు 46. మా కన్నడ ఫ్రెండ్ ఒకడు కాల్ మధ్యలోనే ఏడ్చేశాడు.

హీరోగా ఆయన మొదటి సినిమా 'అప్పు' తీసింది మన పూరి జగన్నాథ్ గారే. మనకి అదే 'ఇడియట్'. కానీ అంతకు చాలా ముందు, 1983లో, కన్నడ 'భక్త ప్రహ్లాద'లో చిన్ని ప్రహ్లాదుడు ఆయనే. హిరణ్యకశిపుడిగా వేసింది వాళ్ల నాన్న రాజ్‌కుమార్ గారు.

భాగవతం సప్తమ స్కంధంలో, గురువులు లేని సమయం చూసి ప్రహ్లాదుడు తోటి పిల్లలకి ఒక లెక్క చెబుతాడు. ఆయుష్షు నూరేళ్లనుకుందాం. సగం నిద్రకే పోతుంది. ఇరవై ఏళ్లు ఆటలకి, ఇరవై ముసలితనానికి. మిగిలేది పదే. అందుకే ధర్మం చిన్నప్పుడే మొదలుపెట్టండి అంటాడు. మరి నూరేళ్లు రాకపోతే?

2006లో రాజ్‌కుమార్ గారు పోయినప్పుడు ఆయన కళ్లు దానం చేశారు. పునీత్ పోయిన రోజున కూడా ఆ ఇంట్లో అదే జరిగింది. కార్నియా పొరలు విడదీసి అమర్చితే, రెండు కళ్లు నలుగురికి చూపునిచ్చాయి. అంత దుఃఖంలో అది కుదిరిందంటే, ఆ మాట ఇంట్లో ముందే అనుకుని ఉన్నారు కాబట్టే.

నేను మాత్రం "తర్వాత చూద్దాం" అంటూ ఏళ్లు గడిపాను. మొన్న ఆదివారం అమ్మకి ఫోన్‌లో చెప్పాను, నేత్రదానానికి పేరిస్తున్నానని. కాసేపు మాటే లేదు. తర్వాత, "వచ్చే జన్మలో కళ్లు లేకుండా పుడతావేమోరా" అంది.

ఈ భయం చాలా ఇళ్లలో ఉంది. నేను అమ్మకి దధీచి మహర్షి కథ చెప్పాను. లోకం కోసం వెన్నెముకనే ఇచ్చేశాడు, దాంతోనే వజ్రాయుధం తయారైంది. ఆయన్ని మనం ఎముకల్లేనివాడిగా తలుచుకుంటామా, మహాత్ముడిగానా? శరీరం విడిచేసే బట్ట అని గీతలో కృష్ణుడు చెప్పాక, ఆ బట్ట ఇంకొకరికి పనికొస్తే పాపం ఎలా అవుతుంది?

"ఆలోచిద్దాంలే" అంది అమ్మ. ఇంకా ఒప్పుకోలేదు. రేపటి రోజున సరేననాల్సింది ఇంట్లోవాళ్లే కాబట్టి, ఈ ఆదివారం మళ్లీ అడుగుతాను.

మీరూ వాయిదా వేసిన మంచి పని ఒకటి ఉంటుంది కదా? ఈరోజే ఇంట్లో చెప్పండి.

ఓం నమో నారసింహాయ.