ఎవరికెవరు బాకీ?

కంటి ఆపరేషన్ అయిన సాయంత్రం అమ్మ, బిల్లు నేను కట్టానని తెలిసి, "నీ రుణం ఎట్లా తీర్చుకోవాలిరా" అంది. మాటవరసకే అంది. నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. మా మధ్య ఖాతా పుస్తకం ఎప్పుడు తెరిచాం?

ఆ రాత్రి 'ఐ ఓ యూ'లోని ఆ మధ్య మాట నన్ను పట్టుకుంది. పాత ఇంగ్లీషులో 'ఆగన్' అనే క్రియ ఉండేది. కలిగి ఉండటం అని అర్థం. 'నాది' అని చెప్పుకునే 'ఓన్' ఆ కుదుట్లోదే. 'నీకివ్వాలి' అని ఒప్పుకునే 'ఓ' కూడా దాన్నుంచే వచ్చింది. 'నా దగ్గర ఉంది' అన్నది మెల్లగా 'చెల్లించాల్సింది నా దగ్గర ఉంది' అయింది. మూడోది 'ఆట్'. ఇలా చెయ్యడం ధర్మం అని చెప్పే ఆ మాట, ఈ క్రియకే ఒకప్పటి భూతకాల రూపం. అంటే ఇంగ్లీషులో ధర్మం అప్పు కడుపున పుట్టింది. 'షల్' కూడా మొదట్లో బాకీపడటమే. జర్మన్‌లో 'షుల్ట్' అంటే అప్పూ, తప్పూ రెండూను. అపరాధభావం అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య పుట్టిందని 1887లో నీషే వాదించింది ఆ మాట పట్టుకునే. మనమేం తక్కువ తినలేదు. దేవ, ఋషి, పితృ ఋణాలు నెత్తినేసుకునే పుడతాం.

కానీ అది సంస్కృతం చెప్పిన లెక్క. తెలుగు క్రియ ఇంకో దారిన పోయింది. 'చెయ్యాలి' అంటే 'చేయవలె'. తెలంగాణలో 'చెయ్యాలె' అన్నప్పుడు ఆ 'వలె' ఇంకా చెవికి తగులుతుంది. వలయు అంటే కావాలనుకోవడం, అవసరపడటం. 'కావాలి'లో ఉన్నది అదే. 'వలదు' అరిగి 'వద్దు' అయింది. వలపు కూడా ఆ ఇంటి పిల్లే. అక్కడ ధర్మం అప్పులోంచి వస్తే, ఇక్కడ కోరికలోంచి వచ్చింది.

ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులకి ఏం బాకీ అన్న ప్రశ్నతో జేన్ ఇంగ్లీష్ అనే అమెరికన్ తత్వవేత్త (ఇంటిపేరు నిజంగా అదే) రాసిన వ్యాసం 1979లో వచ్చింది. ఆవిడ జవాబు: ఏమీ లేదు. చేబదులు లాంటి ఉపకారాలకే బాకీ ఉంటుంది. స్నేహంలో చేసుకునేవాటికి లెక్కలుండవు, తల్లిదండ్రుల సంగతీ అంతే. చదవగానే హాయిగా అనిపించింది. అమ్మ మాటకి సమాధానం దొరికిందనుకున్నాను.

కానీ అప్పుకి ఒక సుగుణం ఉంది. అది మన మూడ్ చూడదు. ఆపరేషన్ తర్వాత రోజుకి నాలుగుసార్లు చుక్కల మందు వెయ్యాలి. మూడోరోజు రాత్రి అమ్మ, అడిగిందే పదోసారి అడుగుతుంటే విసుక్కున్నాను. ఆ క్షణం నాలో వలపూ లేదు, స్నేహమూ లేదు. అయినా మందు వేశాను. వేయించింది ఏమిటి? బాకీ కాదని గట్టిగా అనలేను. ప్రేమ అలిసిపోయిన రాత్రుల్లో కాపలా కాసేది బాకీయేనేమో. పోనీ అదే చాలా అంటే, బాకీ తీర్చే కొడుకు చేతి కింద పడుకోవడం ఏ తల్లికి బావుంటుంది? అమ్మ ఆ మాటన్నది, నా మొహంలో లెక్కేదో కనబడే కాబోలు.

నిన్న ఫోన్లో, "ఆదివారం రావాలి" అన్నాను.

"రావాలా, రావాలని ఉందా?" అంది.

రెండిట్లోనూ అదే 'ఆలి'. బస్సు టికెట్ తీశాను అని మాట మార్చాను.