పంజరపు పక్షియు మన దయయు

చిలుకను పెంచుట మన యిండ్లలో చిరకాలముగా వచ్చుచున్న వేడుక. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట నేడు నేరములు. దాని స్థానమున పట్టణపు వసారాలలో చిన్నచిన్న విదేశపు చిలుకలు వ్రేలాడుచున్నవి. పక్షి మారినది గాని పంజరము మారలేదు. చట్టము నిషేధింపని పని యెల్ల ధర్మమగునా యని గృహస్థులు విచారింపవలసియున్నది.

ముందుగా ఈ ప్రాణి యెట్టిదో తెలిసికొందము. అంగళ్లలో వీనిని లవ్ బర్డ్స్ అని యమ్ముదురు. నిజమైన లవ్ బర్డులు తొమ్మిది జాతులు. అందెనిమిది ఆఫ్రికా ఖండమునకును, ఒకటి మడగాస్కర్ ద్వీపమునకును చెందినవి. మనవారు ఆ పేరుతో కొనునవి తఱచుగా ఆస్ట్రేలియా దేశపు బడ్జెరిగారులు. అడవిలోని ఈ పక్షి పొడవు సుమారు 18 సెంటీమీటర్లు, తూకము 30 మొదలు 40 గ్రాములు. సహజముగా నిది పచ్చనిది, ముఖము పసుపు, వీపున నల్లని చారలు. నీలము, తెలుపు మొదలగు వన్నెలు పెంపకమున మనుష్యు లేర్చి వృద్ధిచేసినవి. వాన కురిసి గడ్డి గింజ పట్టిన తావులను వెదకుచు నివి గుంపులుగా నెగిరి, చెట్ల తొఱ్ఱలలో పిల్లలను చేయును. 1840లో జాన్ గూల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు వీనిని సజీవముగా ఇంగ్లండునకు కొనిపోయెను. అటుపిమ్మట నివి లోకమంతట పంజరముల కెక్కినవి.

వీని గుణములలో మనలను మిక్కిలి యాకర్షించునది పలుకు. అడవిలో జత కుదిరినప్పుడు మగపక్షి తన యాడుపక్షి కూతను విని, దానినే నేర్చుకొనును. తోడును గుర్తించుటకును, తోడుతో గలిసి యుండుటకును ప్రకృతి యిచ్చిన శక్తి యది. ఒంటరిగా పెంచిన పక్షి మన మాటలను త్వరగా నేర్చునని పెంపకందారులు చెప్పుదురు. కారణము స్పష్టమే: దానికి వేఱు తోడు లేదు. మనము ముచ్చటపడి వినుచున్న పలుకు, గుంపును గోలుపోయిన ప్రాణి చేయు స్నేహయత్నమని మేము తలంచుచున్నాము.

“ఇది పంజరములోనే పుట్టినది. ఆకాశము నెఱుగదు గనుక దానికి కొఱత లేదు” అని కొందఱందురు. ఈ వాదము మనకు క్రొత్తది కాదు. గడప దాటని స్త్రీకి చదువుతో పని లేదని చెప్పినవారును దీనినే చెప్పిరి. ఎఱుగమి తృప్తికి గుఱుతు కాదని సంస్కర్తలు నాడు బదులు చెప్పిరి. స్త్రీలు తమ హక్కును తామే యడిగి సాధించుకొనిరి. పక్షి యడుగజాలదు. కావున దాని పక్షమున నాలోచించు భారము మనపై నధికముగా నున్నది. రెక్కలును, గుంపు నపేక్షించు స్వభావమును పంజరమున పుట్టినంత మాత్రమున పోవు.

అట్లని నేడే తలుపు తీసి విడిచిపెట్టుట దయ కాదు. ఈ దేశమున నా పక్షికి తన గుంపు లేదు, మేత వెదకు నేర్పు లేదు. కాకికో పిల్లికో అది యెఱయగును. ఆ పని వలన మన మనస్సు తేలికపడును గాని దాని ప్రాణము నిలువదు.

మేము చెప్పునది రెండే మాటలు. ఇంట నీ పక్షి యున్నవారు దానికి తోడు నీయవలయును, రెక్కలు చాచి యెగురునంత చోటు గల్పింపవలయును, వట్టి గింజలతో సరిపెట్టక ఆకుకూరలును పెట్టవలయును, చివరిదాక పోషింపవలయును. లేనివారు కొనకుండవలయును. కొనువా రున్నంత కాలము అమ్మువారు పుట్టింతురు. పిల్లలకు చిలుకను చూపవలెనన్న, సాయంకాలమున రావిచెట్టు క్రిందికి తీసికొనిపోయి, గూటికి చేరు రామచిలుకల గుంపును చూపుడు. తమది కాని దానిని చూచి సంతోషించుట ఆ పసివా రచ్చట నేర్చుకొందురు.