నేలలోని సొమ్ము – లక్కమ్మ మాట



మన పల్లెల అంచులలో పాటిదిబ్బలు కలవు. ఒకప్పుడు జనులు కాపురముండి విడిచిపోయిన ఊళ్లు కాలక్రమమున మట్టిలో కలిసి దిబ్బలైనవి. ఆ మన్ను పైరునకు బలమని రైతులు బండ్లకెత్తి పొలములకు తోలుకొందురు. కోవూరు ప్రాంతమున పెరిగిన నాబోటి వృద్ధులకు పాటిమన్ను వాసన చిన్ననాటినుండి తెలిసినదే. అట్టి దిబ్బమీద గత వేసవిలో నాకు కలిగిన అనుభవమును మీ ముందుంచుచున్నాను. ఇందులో నా తప్పు కూడ కలదు.

సెలవులకు మా తమ్ముని మనుమలు ఇద్దరును, నా మనుమరాలును వచ్చిరి. పెద్దవాడు పదునాలుగేండ్లవాడు. వాడు మెటల్ డిటెక్టరును వెంట తెచ్చెను. దాని అడుగున తీగచుట్ట ఒకటి ఉండును. అందులో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రమును కలిగించును. ఆ క్షేత్రమున లోహము పడినచో అందు సన్నని ప్రవాహములు పుట్టును. వానిని పసిగట్టి యంత్రము మోగును. నాణెమంత వస్తువైనచో సుమారు జానెడు లోతువరకే దానికి తెలియును. కుండపెంకు, ఎముక, బొగ్గు, గాజుపూస ఎంత ప్రాచీనమైనవైనను దానికి వినబడవు.

పిల్లల ముచ్చట కాదనలేక నేనే వారిని దిబ్బమీదికి తీసికొనిపోతిని. యంత్రము మోగెను. పెద్దవాడు గునపము వేసెను. పచ్చబారిన రాగినాణెమొకటి బయటపడెను. ఇద్దరు మగపిల్లలును గంతులు వేసిరి. చిన్నది మాత్రము గోతిలోనికి చూచి కన్నీరు పెట్టుకొనెను. గునపపు దెబ్బకు ఒక నల్లని చిట్టిగిన్నె రెండు చెక్కలైనది. యంత్రము దానినిగూర్చి చెప్పలేదు గనుక మాలో ఎవరును దానిని చూడలేదు.

"తాతా, దీన్ని నెల్లూరులో అమ్మేద్దాం. ఎవరికి తెలుస్తుంది?" అని పెద్దవాడు అడిగెను.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. యాభై ఏండ్లకు పూర్వము పొలమునకు పాటిమన్ను తోలుచుండగా నాకును మూడు నాణెములు దొరికినవి. వానిని తూకమునకు అమ్మి, పండుగకు చొక్కా కుట్టించుకొంటిని. అవి మూసలో కరగిపోయినవి. వానిమీద ఏ రాజు ముద్ర ఉండెనో, ఏ వర్తకుడు వానిని ఈ ఒడ్డునకు తెచ్చెనో ఇక నెవరును చెప్పజాలరు. మెడలో ఇష్టలింగము ధరించియే ఆ పని చేసితిని. "ఎవరికి తెలుస్తుంది" అను మాట నాడు నా నోటను పుట్టినదే.

మన నెల్లూరు సీమలో ఇట్టిది పూర్వమే జరిగినది. 1780ల దశకమున నెల్లూరు సమీపమున రాతిగుట్ట వాలున దున్నుచున్న ఒక రైతు నాగలికి ఇటుకకట్టడము తగిలెను. త్రవ్వగా చిన్న గుడి శిథిలములును, వాని క్రింద ఒక చిన్న కుండయు కనబడినవి. అందు ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టీనా అనువారి పేరిట ముద్రింపబడిన క్రీస్తుశకము 2వ శతాబ్దినాటి రోమను బంగారు నాణెములు ఉండెను. కొన్ని అప్పుడే టంకసాలనుండి వచ్చినట్లు మెరయుచుండెను; కొన్నిటికి ఆభరణములుగా ధరించుటకై చేసిన రంధ్రములు ఉండెను. రైతు వానిని పాత బంగారముగా అమ్మివేసెను. పెక్కు కరగిపోయినవి, ముప్పదికి పైబడి మాత్రము దక్కినవి. మద్రాసు గవర్నరుగా ఉండిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వ్రాసిన లేఖవలన ఈ సంగతి 1790లో వెలువడిన 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండవ సంపుటమునకెక్కినది. ఆ రైతును నేను నిందింపను. నాబోటివాడే.

ఇక మన శరణుల మార్గము చూడుడు. 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారియై ఉండెను. రాజ్యధనమంతయు చేతిలో ఉన్నను, కాయకమున వచ్చినదే తనదనియు, మిగిలినది దాసోహమునకనియు ఆయన బోధించెను. ఆయన కాలమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య అను శరణుడు ఉండెను. నేల రాలిన బియ్యపుగింజలు ఏరుకొనుటయే ఆయన కాయకము. ఒకనాడు ఆయన అలవాటుకన్న ఎక్కువ తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి, ఇది మన అవసరమునకు మించినది, ఎచ్చటిదచ్చటనే పోసి రమ్మని తిప్పి పంపెను. రాలిన గింజకు యజమాని కనబడడు. అడుగువాడును లేడు. అయినను లక్కమ్మ అడిగెను. ఏరుకొనుటయందు ఆమె దోషమెంచలేదు. హద్దు ఎచ్చటనో ఆమెకు తెలిసియుండెను.

ఆ దిబ్బమీద కూర్చుండి ఈ కథ పిల్లలకు చెప్పితిని. పిమ్మట చట్టమును చెప్పితిని. 1878నాటి నిధుల చట్టము ననుసరించి పది రూపాయలకు మించిన విలువగల నిధి నేలలో దొరికినవాడు అది ఏమియో, ఎచ్చట, ఏనాడు దొరికెనో వ్రాసి కలెక్టరునకు తెలుపవలెను. దాచినచో తన వాటాను కోల్పోవుటయే గాక శిక్షకును పాత్రుడగును. 1958నాటి చట్టము ప్రకారము రక్షిత స్థలములలో అనుమతి లేక త్రవ్వరాదు. 1972నాటి చట్టము ప్రకారము పురావస్తువుల వ్యాపారమునకు లైసెన్సు ఉండవలెను. త్రవ్వకమును పండితులకు విడువవలసిన కారణము ఆ గిన్నెయే చెప్పుచున్నది. ఏ పొరలో ఏ పెంకు ప్రక్కన నాణెము ఉండెనో తెలిసిననాడే ఆ ఊరి కాలము తెలియును. పెకలించి జేబులో వేసికొన్న నాణెమునకు ఊరు లేదు, ఇరుగుపొరుగు లేదు.

గోతిని పూడ్చితిమి. మరునాడు పెద్దవాడు తహసీల్దారు కార్యాలయమునకు అర్జీ వ్రాసెను. "గిన్నె పగిలిన సంగతి కూడా రాయాలా తాతా?" అని అడిగెను. నేను నోరు విప్పకమునుపే చిన్నది "రాయాలన్నా" అనెను. వాడు వ్రాసెను. దాని క్రింద నా మూడు నాణెముల సంగతిని నేను చేర్చితిని. నాణెమును, గిన్నె రెండు చెక్కలను మూటగట్టి అర్జీతోకూడ అప్పగించి వచ్చితిమి.

తలిదండ్రులారా! మీ పిల్లలు అట్టి యంత్రము కొన్నచో కోపగింపకుడు. వారి కుతూహలము మంచిదే. దానిని పాటిదిబ్బలమీదికి పోనీయకుడు. పోయిన సొమ్మును సొంతదారునకు చేర్చు కాయకము దానికి నేర్పుడు. మా వాడు మైపాడు తీరమున ఇసుకలో జారిన ఒక పొరుగింటి ఆమె చెవికమ్మను వెదకి ఇచ్చినాడు. ఆమె సంతోషించి ఇచ్చిన పది రూపాయలను ఏమి చేయవలెనని నన్నడిగినాడు. మఠములో దాసోహపు హుండీ ఎచ్చటనున్నదో చూపితిని.