వ్యాధిగ్రస్తునకు ఆత్మనింద తగునా?



క్యాన్సరని తెలిసిన రాత్రి ఆ యింట ఎవరికిని నిదుర యుండదు. "ఏనాటి పాపమో! ఎవరి ఉసురు తగిలెనో! లింగపూజ తప్పిన దినములెన్నియో!" అని రోగి తన జీవితమునంతను తిరుగవేసికొని తన్ను తానే తూలనాడుకొనును. చుట్టములు వచ్చి "కర్మ, అనుభవింపక తప్పునా" అందురు. ఇది ఓదార్పా? పుండుమీద కారము.

శరీరకణములు నిత్యము విభజన చెందుచుండును. అందు దొర్లిన పొరపాట్లు సరిదిద్దబడక పేరుకొన్నప్పుడు ఈ వ్యాధి పుట్టును. వయస్సుతో ఆ అవకాశమును పెరుగును. భారతదేశమున 9 మందిలో ఒకరికి జీవితకాలమున ఇది రాగలదని 2022లో జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమము అంచనా వేసినది. ఆ తొమ్మిదవవాడు తక్కిన యెనమండుగురికంటె పాపియా?

పొగాకు సంగతి దాచరాదు. ఉత్తర కోస్తా గ్రామములలో కొందరు స్త్రీలు నిప్పుకొసను నోటిలోనుంచి చుట్టకాల్చు అడ్డపొగ అలవాటు అంగిటి క్యాన్సరునకు హేతువగునని వైద్యులు ఏనాడో కనుగొనిరి. అయినను ఆమె అది పెద్దలను చూచి నేర్చినదే. హేతువు వేరు, శిక్ష వేరు. నేడు మానినను చికిత్సకు మేలని చెప్పవలెను, అంతటితో ఆగవలెను.

లింగధారికి పంచసూతకములు లేవని చెప్పుకొను మనము రోగిష్టి కోడలికి వేరు కంచము పెట్టుట యేమి? ఈ రోగము ఎంగిలివలన అంటునది కాదు.

మరియొక బాధ గలదు, బయటివారికి తెలియదు. రొమ్మునకు కిరణచికిత్స చేయుటకు ముందు లింగకాయను తీసివేయుమందురు. లింగము ఎడబాసితినని ఆ తల్లి కుమిలిపోవును. శిరస్సు, కంఠము, చంక, వక్షము, అరచేయి మున్నగు స్థానములలో నెచటనైనను లింగధారణ చేయవచ్చునని సిద్ధాంతశిఖామణి సెలవిచ్చుచున్నది. వైద్యుడు సమ్మతించినచో వేరుచోట ధరించవచ్చును. ఆ కొన్ని నిమిషములు అదియు కుదరనిచో, లోపలి ప్రాణలింగమును తీయగల యంత్రము లేదు గదా! కల్యాణమున వైద్య సంగణ్ణకు చికిత్సయే కాయకము. అట్టి కాయకమునకు దేహము నప్పగించుట అపచారమెట్లగును?

"ధైర్యముగా నుండుము" అని ప్రతివాడును చెప్పగా చెప్పగా రోగికి అలసట కలుగును. దుఃఖము వారముల తరబడి తగ్గక, ఆకలి నిదురలు లేనిచో మానసిక వైద్యుని చూపవలెను. అది భక్తికి కొరత కాదు. మఠమునకు రాలేని వారి యింటికి అయ్యగారలే వెళ్లి, ఉపదేశము మాని, కొంతసేపు కూర్చుండవలెను. ఆమె యేడ్చినచో ఏడ్వనిండు.