గతము దోషమును మాపునా?

కథలలో దుష్కార్యము చేసిన పాత్రకు దాని గతము క్షమాపణమగునా యను ప్రశ్న చదువరులలో తఱచుగా పుట్టుచున్నది. బాల్యమున దారిద్ర్యమును, అవమానమును పొందినవాడు పెద్దవాడై పరులకు కీడు చేసినచో, "పాపము, వానిదేమి తప్పు?" అని మనము జాలిపడుదుము. పురాణములలో శాపము చేసిన పనిని నేటి నవలలలోను చలనచిత్రములలోను బాల్యము చేయుచున్నది. రెండింటియందును కర్త తప్పించుకొనుచున్నాడు. ఇది కథలకు మాత్రమే చెందిన చర్చ గాదు. కథలో దేనిని క్షమింప నలవాటు పడుదుమో దానిని ఇంటను వీధినిగూడ క్షమింతుము.

పెదపాడు ప్రాంతీయులకు కొల్లేటి సంగతి తెలియును. బుడమేరును తమ్మిలేరును పొంగినప్పుడు పల్లపు చేలు మునుగును. పైరు పోయిన రైతునకు సాయపడుట మన విధి. కాని యాతడు రాత్రివేళ పొరుగువాని గట్టు తెగగొట్టి తన నీటిని అటు మళ్ళించినచో, వఱద వాని పనికి హేతువగును గాని సమర్థనము గాదు. నీరు వచ్చుట వాని చేతిలో లేదు. పార వాని చేతిలోనే యున్నది.

కర్ణుని చూతము. పుట్టిననాడే నదిపాలయ్యెను, అస్త్రవిద్యాప్రదర్శనమున కులము పేరిట నవమానితుడయ్యెను. ఈ గతము మన హృదయమును కరగింపవలసినదే. 1977 లో నందమూరి తారక రామారావుగారు కర్ణుని నాయకునిగా జేసి చలనచిత్రమునే నిర్మించిరి. అయినను నిండుసభలో ద్రౌపదినిగూర్చి కర్ణుడు పలికిన మాటలు ఆమె చేసిన యే తప్పునకు ఫలము? స్వయంవరమున నామె యాతనిని నిరాకరించెనందురేమో. నిరాకరణమునకు సభాపరాభవము శిక్షయగునా? ఉద్యోగపర్వమున శ్రీకృష్ణుని వలన తన జన్మరహస్యమును విన్న యా సంభాషణమునందే, దుర్యోధనుని ప్రీతికై పాండవులను పరుషములాడినందుకు పరితపించుచున్నానని కర్ణుడు చెప్పెను. జన్మవృత్తాంతమును సాకుగా జూపలేదు. వాని యభిమానులు సమర్థనమును వెదకుచుండ, వాడు అనుతాపమును పొందెను.

గతము క్షమాపణము గానిచో అది శిక్షయు గారాదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892 లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1909 లో పెంపొందింపబడిన రూపమున వెలువడెను. అందు సౌజన్యారావు పంతులు లోకహితము గోరు సంస్కర్తయే. అయినను వేశ్య యన్నమాట వినగానే వెనుకకు జరుగును. ఆ వేశ్యయగు మధురవాణియే, హత్యానేరమున చిక్కిన లుబ్ధావధానులను కాపాడు రహస్యమును వెల్లడించును. ఆంగ్లవిద్యయు సంస్కరణోపన్యాసములును గల గిరీశమో, ఆ విద్యనే వంచనకు వాడుకొనును. ముసలివానికి అమ్మబడి విధవయైన బుచ్చమ్మ గతమందఱి గతముకంటె బరువైనది. ఆమె దానిని సాకుగా జేసికొని యెవ్వరికిని కీడు చేయలేదు. సంస్కరణమును గోరు మనము ఈ నాటకమును చదువునప్పుడు సౌజన్యారావు తొట్రుపాటునందు మన తొట్రుపాటును గుర్తింపకుండలేము.

ఒకనిని గతమునుబట్టి విడిచిపుచ్చుటయు, ఒకతెను గతమునుబట్టి వెలివేయుటయు రెండు తప్పులు గావు, ఒక్కటే తప్పు. రెండింటను మనుష్యునియందలి స్వాతంత్ర్యమును నిరాకరించుచున్నాము. నిర్బంధము హెచ్చినకొలది దోషము తగ్గునని యొప్పుకొందుము. ఎల్లవేళల అది శూన్యమగునని మాత్రము ఒప్పుకొనజాలము. వానికి వేఱుదారి లేదనుట దయవలె కనబడును గాని, వాని చేతినుండి అనుతాపమును లాగివేయును. అనుతాపము లేనివానికి ఉద్ధరణ యెక్కడిది?

కావున కథను చదువునప్పుడు చదువరులు రెండు ప్రశ్నలు వేసికొందురుగాక. వానికి లోకమేమి చేసినది? వాని చేతిలో నేమి యుండెను? మొదటి ప్రశ్న మనకు కరుణను నేర్పును. రెండవది న్యాయమును నేర్పును. పిమ్మట ఆ రెండు ప్రశ్నలనే మన పొరుగువారి విషయమునను, తుదకు మన విషయమునను వేసికొనునట్టి ధైర్యమును సర్వాంతర్యామియగు పరమేశ్వరుడు మనకు ప్రసాదించుగాక.