భూమి కంపించిన వేళ



1967 మార్చి 27, పాస్కా పండుగ మరునాటి సోమవారం. నాకు పదేళ్లు. ధరణికోటలో మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చున్నాం. ఒక్కసారిగా నేల అదిరింది. ఉట్టి ఊగింది, గిన్నెలు దొర్లిపడ్డాయి. ఒంగోలు దగ్గర పుట్టిన ఆ భూకంపం తీవ్రత 5.4 అని తరువాత తెలిసింది. నేను వీధిలోకి పరుగెత్తాను. మంచం పట్టిన నాయనమ్మను లోపలే వదిలేశాను!

ఇల్లు నిలిచింది. సిగ్గుతో గడప దగ్గరే ఆగిపోయిన నన్ను ఆమే పిలిచింది. "దెబ్బ తగల్లేదు కదా, నాయనా?" అంటూ తల నిమిరింది. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ప్రభువు పునరుత్థానమైన ఉదయాన కూడా భూమి కంపించిందని మత్తయి సువార్త చెబుతోంది. తనను విడిచి పారిపోయిన శిష్యుల దగ్గరికి ఆయనే వచ్చాడు. ఎందుకు పారిపోయారని అడగలేదు, శాంతి పలికాడు.

2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు నాకు ఆ మధ్యాహ్నమే గుర్తుకొచ్చింది.

ప్రియ పాఠకులారా, కష్టం వచ్చినప్పుడు మనం ఎవరిని వదిలి పరుగెత్తాం? సిగ్గుపడి ఆగిపోవద్దు. ఈ వారమే వారి గడప తొక్కుదాం. క్షమించే ప్రభువు మనకంటే ముందే అక్కడ ఉంటాడు.